తోట మధ్య రింగు

టోర్నమెంటు ఫారంలో మూడు గళ్ళుండేవి: హెడ్ కోచ్, అసిస్టెంట్ కోచ్, మేనేజర్. లేయా మూడింటిలోనూ తన పేరే రాసి, మూడు సంతకాలూ మూడు రకాలుగా పెట్టేది. యూనివర్సిటీ గుమాస్తా ఒకసారి ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మీ కాలేజీలో ముగ్గురు లేయాలున్నారాండీ?"

"ముగ్గురికీ కలిపి ఒకటే కుర్చీ అండీ" అంది.

నూజివీడు కాలేజీలో ఆమెని హెడ్ కోచ్ అని పిలిచినవాళ్ళెవరూ లేరు. ఉద్యోగం కాగితంలో ఫిజికల్ డైరెక్ట్రెస్. అటెండర్లకి డ్రిల్లు మేడమ్. ఊళ్ళో అయితే బంతి మేడమ్. 1980లో, ఇరవయ్యారేళ్ళ వయసులో ఆ ఉద్యోగంలో చేరింది. చాట్రాయిలో బడిపంతులు సువర్ణరాజు రెండో కూతురు. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఉంది. బాగా ఆడిందా అంటే, బాగా కూర్చుంది. మూడేళ్ళలో ఎక్కువ భాగం బెంచీ మీదే గడిచింది. ఆటని అంతసేపు, అంత దగ్గరగా చూసినవాళ్ళు జట్టులో ఇంకెవరూ లేరని తర్వాత తనే చెప్పుకునేది. గొప్ప క్రీడాకారిణి కాలు విరిగి, కన్నీళ్ళు మింగి కోచ్‌గా మారిన కథలంటే వారపత్రికలకి ఇష్టం. ఈమెకి చిటికెన వేలైనా బెణకలేదు.

కాలేజీ వెనక జమీందారీ రోజుల మామిడితోటలో ఒక ముక్క మిగిలి ఉండేది. దాని నడిమధ్య, ఎప్పుడో గాలివానకి పెద్ద చెట్లు నాలుగైదు కూలిన చోట ఖాళీ. లేయా ఆ ఖాళీనే కోర్టు చేసింది. మొద్దులు తవ్వించి, ఎర్రమట్టి పోయించి, సున్నంతో గీతలు గీసింది. రింగులు కమ్మరి చేసిచ్చాడు. రింగు వెనక బోర్డులు మాత్రం మామిడికాయల పెట్టెలు చేసే చెక్కతోనే కట్టించింది. ఊళ్ళో దొరికేది అదే. ఒక్క వర్షాకాలానికి ఆ చెక్క నానిపోయింది. తర్వాత బంతి దానికి తగిలితే తిరిగి ఎగిరేది కాదు. తలగడని గుద్దినట్టు 'బొద్' మని కిందికి జారేది.

ఆ కోర్టు అందం చూడాలంటే డిసెంబరులో చూడాలి. తెల్లారగట్ల అయిదున్నరకి తోట మీద మంచు కూర్చుని ఉండేది. పూత తొడిగే రోజులవి. కొమ్మకొమ్మకీ లేతపసుపు కంకులు, వాటి మీద ఆ తెలుపు. రైతులకి ఆ మంచంటే గుండెల్లో రాయి. పూత మాడిపోతుందని తెల్లారకముందే లేచి ఆకాశం కేసి చూసేవాళ్ళు. లేయాకి మాత్రం అది పండగ. తేనెమంచు పురుగు ఆకుల మీద వదిలిన తియ్యటి జిగురు బొట్లుబొట్లుగా రాలి బంతికి అంటుకునేది. పిల్లలు అరిచేతులు నాక్కుంటూ ఆడేవాళ్ళు. అవతల రింగు కనబడేది కాదు. ఇవతల రింగు ఉందో లేదో తెలియనట్టుగా ఉండేది. ఎక్కడో పూతలోంచి మత్తుగా వాసన, ఎక్కడో తడినేల మీద పాదాల చప్పుడు. ఆ తెల్లదనంలో ఎవరు ఎవరో, ఎవరిది ఏ ఊరో, రేపు పరీక్ష ఉందో లేదో ఏదీ పట్టేది కాదు. నిద్రలోంచి పూర్తిగా బయటికి రాకుండానే ఆట మొదలయ్యేది.

అంతా బాగుంది గాని ఎవరికీ బంతి పట్టడం రాదు.

మొదటి మూడేళ్ళూ జట్టంతా ఊళ్ళో పిల్లలే. మూడో ఏడు ఇంటర్లో చేరి, అందరికన్నా ముందు కోర్టుకి వచ్చేది కాత్యాయని. ఆమె తండ్రి భానుమూర్తి గుళ్ళో అర్చకుడు. ఆయన అభ్యంతరం చెప్పాడని, ఆడపిల్ల ఎగరడమేమిటని గద్దించాడని రాస్తే కథకి నిండుదనం వస్తుంది. ఆయన అలాంటిదేమీ అనలేదు. ఆ ఇంట్లో ఏడుగురికీ ఒకటే స్నానాలగది. తెల్లవారకుండా ఒక మనిషి బయటికి పోతే ఆయన మడి స్నానం సాఫీగా సాగుతుంది. "తొందరగా వెళ్ళమ్మా, ఆలస్యమైతే మీ మేడమ్ గారు కోప్పడతారు" అని ఆయనే లేపి పంపించేవాడు. కాత్యాయని గురి బాగుండేది. బంతి ఎదురొస్తే మాత్రం కళ్ళు మూసుకునేది. మిగతావాళ్ళు ముఖం తిప్పుకునేవాళ్ళు. వేళ్ళు వాచి, రాతపరీక్షలకి కలం పట్టలేకపోతే ఆ తిట్లన్నీ లేయాకే.

1983 ఏప్రిల్‌లో సెలవులకి చాట్రాయి వెళ్ళింది. వాళ్ళింటి వెనక తోటలో కోత సాగుతోంది. మేస్త్రి ఇన్నయ్య చెట్టు చిటారున ఉన్నాడు. తొడిమతో తెంపిన కాయని పక్కకి చాచి పట్టుకుని, "కాయ్!" అని అరిచి వదుల్తున్నాడు. కింద అతని కూతురు జోజమ్మ నిలబడి ఉంది. పదహారేళ్ళ పిల్ల. వోణీ కొంగు రెండు చేతులతో ముందుకి చాచి ఒడి పట్టింది. కాయ ముప్పయ్యడుగుల పైనుంచి దిగుతుంది. జోజమ్మ పైకి చూడదు. పక్కనున్న పిల్లతో కబుర్లాడుతూనే ఉంటుంది. కేక వినగానే ఒకడుగు జరిగి, కాయ ఒళ్ళోకి దిగే క్షణాన మోకాళ్ళు మడిచి దానితోపాటు తనూ కిందికి దిగుతుంది. చప్పుడు రాదు. నేల తాకిన కాయ పైకి బాగానే కనిపించినా రెండో రోజుకి లోపల నల్లబడుతుంది. దాన్ని దెబ్బకాయ అంటారు. పచ్చళ్ళవాళ్ళ గుట్టలోకి పోవలసిందే. ఆ పొద్దున జోజమ్మ ఒడి తప్పి నేలకి దిగిన కాయ ఒక్కటీ లేదు.

లేయా చెట్టుకింద గంటసేపు నిలబడింది.

"ఇన్నయ్య బాబాయ్! అమ్మాయి చదువుతోందా?"

"పది ప్యాసయింది. ఇంకేం చదువుద్ది?" అన్నాడు ఇన్నయ్య పైనుంచి.

"నాతో నూజివీడు పంపించు. ఇంటర్లో చేరుస్తా. హాస్టలుంది."

"ఎందుకంట?"

"బంతి పట్టడానికి."

కొమ్మ కదిలేలా నవ్వాడు. "చదివించి కలెక్టర్ని చేస్తానంటే పంపేవాణ్ణి కాదమ్మాయ్. పని ఇదీ అని చెప్పావు కాబట్టి పంపిస్తా. కోతల్లో మాత్రం నా పిల్ల నా చెట్టుకిందే ఉండాలి. సరేనా?"

"సరే."

జోజమ్మకి ఒకటే అనుమానం. "బంతికి జీడుంటదా మేడమ్?"

"ఉండదే."

"అయితే సుఖమే" అంది. ఆమె ముంజేతుల మీద, తొడిమలోంచి కారే మామిడి జీడి కాల్చిన మచ్చలు అప్పటికే డజను ఉన్నాయి.

ఆ ఏడాది నుంచి లేయా పుస్తకాలు పక్కన పెట్టేసింది. అమెరికాలోనో రష్యాలోనో ఎవరో రాసిన పద్ధతులకి తెలుగు చెప్పడం మానేసి, ఇన్నయ్య పద్ధతికి బాస్కెట్‌బాల్ నేర్పింది. బంతి వదిలే ముందు "కాయ్!" అని అరవాలి. కేక లేకుండా బంతి వదిలితే కోర్టు చుట్టూ రెండు రౌండ్లు. పట్టేవాళ్ళు బంతికి ఎదురెళ్ళకూడదు, దానితోపాటు వెనక్కి రావాలి. "అది కాయ అనుకోండే. కింద పడితే దెబ్బకాయే. ఎవరు కొంటారు?" అని రోజుకి వందసార్లు అనేది. జోజమ్మ మధ్యలో నిలబడి మిగతావాళ్ళకి చూపించేది.

"మోకాళ్ళు ఒంచండమ్మా. ప్రసాదానికి చెయ్యి చాపినట్టు ఊరకే చాపితే ఎట్టా?"

"మా ఇంట్లో పెట్టేవాళ్ళమే తల్లీ, చాపేవాళ్ళం కాదు" అనేది కాత్యాయని.

"అందుకే పట్టడం రాలా."

రెండేళ్ళకి వచ్చింది. మంచులో ఎదుటి మనిషి కనబడకపోయినా వచ్చింది. తెల్లదనంలోంచి ఒక కేక. దాని వెనకే గోధుమరంగు గుండ్రటి ఆకారం, ఎవరు పంపారో తెలియకుండా, నెమ్మదిగా పెద్దదవుతూ. దాన్ని అందుకునే రెండు చేతులు. మళ్ళీ ఇంకో కేక, ఇంకో వైపు నుంచి. లేయా మధ్యగీత దగ్గర కళ్ళు మూసుకుని నిలబడేది. చుట్టూ చెట్లన్నీ లేచి ఒకదానికొకటి కాయలిచ్చి పుచ్చుకుంటున్నట్టు వినిపించేది. కేకకీ కేకకీ మధ్య నేల చప్పుడు వినబడకపోతే ప్రాక్టీసు బాగా సాగుతున్నట్టు లెక్క. సూర్యుడొచ్చి మంచు తీసేసేసరికి పదిమంది పిల్లలు, రెండు రింగులు, జిగురు పట్టిన ఒక బంతి మిగిలేవి. అప్పుడు అందరూ ఒకరినొకరు కొత్తగా చూసుకునేవాళ్ళు.

టోర్నమెంట్లలో మాత్రం ఓడిపోతూనే ఉన్నారు. 1980 నుంచి 85 దాకా ఆరుసార్లు వెళ్ళారు, ఆరుసార్లూ మొదటి రౌండులోనే తిరిగొచ్చారు. కిందటేడు తేడా నాలుగు పాయింట్లు. అంతకుముందు పదకొండు. ఈ తగ్గుదల లేయాకి తప్ప ఎవరికీ కనబడలేదు.

కాలేజీ కరస్పాండెంట్ చలపతిరావుకి ఆడపిల్లల ఆటలంటే వల్లమాలిన అభిమానం. ఏ సభలోనైనా స్త్రీశక్తి గురించి ముప్పావుగంట చెప్పగలడు. జట్టు చొక్కాలు కుట్టించే రోజున మాత్రం టైలర్ని తన గదికే పిలిపించుకుని, "మోకాలు దాటాలి" అని కొలత చెప్పాడు. శక్తి ఎంతైనా ఉండొచ్చు, మోకాలు కనబడకూడదు. ఆ చొక్కాల్ని నిక్కర్లలోకి దోపితే పిల్లలు నడుముచుట్టూ దిండ్లు కట్టుకున్నట్టుండేవాళ్ళు. నాలుగుసార్లు ఎగిరేసరికి చొక్కా బయటికొచ్చేది.

1986 ఆగస్టులో ఆయన లేయాని పిలిపించాడు.

"చూడమ్మా, ఆరేళ్ళయింది. ఒక్క రౌండైనా దాటారా?"

"లేదండీ."

"మామిడి వ్యాపారి రాఘవయ్య గారు తోట అడుగుతున్నారు. ప్యాకింగ్ షెడ్డు వేస్తారట. కమిటీ అంతా ఇచ్చేద్దామంటోంది. నేనొక్కణ్ణే అడ్డుపడ్డాను. ఆడపిల్లల ఆటస్థలం అన్నాను."

"ఎప్పటిదాకా అడ్డుపడ్డారండీ?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "డిసెంబరు దాకా. ఒక్క రౌండు దాటి రండి. కమిటీకి నేను చెప్పుకోగలను. లేదా... మీరే ఆలోచించండి."

లేయాకి ఆలోచించడానికి ఏమీ లేదు. ఒక్క ఆట గెలిస్తే కోర్టు ఉంటుంది. ఓడితే ఉండదు. ఊళ్ళో ఆడపిల్లలు ఎగరడానికి ఇంకో జాగా లేదు. పిల్లలకి ఈ మాట చెప్పకుండా దాచడం మంచిదని స్టాఫురూములో సలహాలొచ్చాయి. మర్నాడు పొద్దున్నే చెప్పేసింది.

"ఓడితే ఇక్కడ మామిడికాయలు పెడతారు."

"ఇప్పుడు మాత్రం ఏం పెట్టారు?" అంది జోజమ్మ చుట్టూ చూస్తూ. అందరూ నవ్వారు గాని, ఆ రోజు నుంచి ఎవరూ ఆలస్యంగా రాలేదు.

ఆ డిసెంబరులో పోటీలు తెనాలిలో. బస్సెక్కుతుంటే ముందు సీట్లో రాఘవయ్య కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి. భుజాన కండువా, ఒళ్ళో జామకాయల సంచి. తన షెడ్డు సంగతి తేలేది అక్కడే కాబట్టి కళ్ళారా చూసి వద్దామని బయల్దేరాడు. ఎదుటివాళ్ళు ఓడాలని కోరుకుంటూ వాళ్ళ బస్సులోనే, వాళ్ళకే జామకాయలు పంచుతూ ప్రయాణం చెయ్యడంలో ఆయనకి ఇబ్బందేమీ తోచలేదు. పిల్లలకీ తోచలేదు. కాయలు దోరగా ఉన్నాయి.

అక్కడి కోర్టు సిమెంటుది. బోర్డులు తెల్లగా, గట్టిగా, పింగాణీలా ఉన్నాయి. బంతి తగిలితే గంట కొట్టినట్టు ఎగిరి అంత దూరం పడుతోంది. తలగడల్లాంటి బోర్డులకి అలవాటుపడ్డ పిల్లలకి ఇది తిప్పలు తెచ్చింది. కాని వాళ్ళు బోర్డుని నమ్ముకున్నదెప్పుడు? బంతిని సూటిగా రింగులోకే దించడం నేర్చుకున్నవాళ్ళు. కాత్యాయని ఒకటి వేసింది, ఇంకొకటి వేసింది. "కాయ్!" అని ఒక కేక, "కాయ్!" అని జవాబు. ప్రేక్షకుల్లో కాలేజీ కుర్రాళ్ళు వెక్కిరింతగా తామూ అరవడం మొదలుపెట్టారు. సగం ఆట అయ్యేసరికి ఆ వెక్కిరింత ఎటో పోయి, నూజివీడు వాళ్ళ చేతులకేసి చూస్తూ ఊరుకున్నారు. బంతి ఎవరి చేతిలోనూ నిలవడం లేదు, ఎవరి చేతిలోంచీ జారడం లేదు.

ఇంకా ఏడు సెకన్లున్నాయి. నూజివీడు ముప్పయ్యొకటి, ఎదుటివాళ్ళు ముప్పై.

వాళ్ళ పొడుగుపిల్ల విసిరిన బంతి రింగు అంచుకి తగిలి, గట్టి బోర్డుకి కొట్టుకుని నిలువుగా పైకి లేచింది. అంత ఎత్తుకి లేచిన బంతిని నూజివీడు పిల్లలు కోర్టులో ఎప్పుడూ చూడలేదు. మధ్యాహ్నపు ఎండలో అది ఒక్క క్షణం ఆగింది, తొడిమ వీడిన కాయ ఆగినట్టు. కింద జోజమ్మ ఉంది. చొక్కా ఎప్పుడో నిక్కరులోంచి బయటికొచ్చి మోకాళ్ళ మీద ఆడుతోంది. ఆ బంతి ఆమెకి అందితే చాలు, ఆట అయిపోతుంది, తోట నిలుస్తుంది.

"కాయ్!" అని అరిచింది కాత్యాయని. "జోజీ, కాయ్!"

జోజమ్మ పైకి చూడలేదు. ఒకడుగు పక్కకి జరిగింది. చొక్కా అంచు రెండు చేతులతో పట్టుకుని ముందుకి చాచింది. బంతి దిగుతూ వచ్చింది. అది దిగే క్షణాన మోకాళ్ళు మడిచి తనూ దిగింది. బంతి ఒళ్ళో పడింది. చప్పుడు రాలేదు. అంతమందీ ఊపిరి బిగబట్టిన ఆ నిశ్శబ్దంలో, పదేళ్ళ వయసు నుంచి చేస్తున్న పనిని ఎప్పటిలాగే తప్పు లేకుండా చేసి, ఒడి నిండిన పిల్ల అలా నిలబడి ఉంది. ముఖంలో ఎంత నెమ్మది!

తర్వాత విజిల్.

రిఫరీలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇలాంటిది వాళ్ళెప్పుడూ చూసి ఉండరు. కాస్త గుసగుసలాడుకుని, బంతిని చేతులతోనే ఆడాలని తేల్చి, అవతలి పక్షానికి ఇచ్చారు. న్యాయమే. నాలుగు సెకన్లు మిగిలాయి. పొడుగుపిల్లకి రెండు చాలాయి. ముప్పయ్యొకటి, ముప్పైరెండు. ఒక్క పాయింటు చాలు ఓడిపోవడానికి.

గ్యాలరీ అంతా పడీపడీ నవ్వింది. ఒక్క ముసలాయన మాత్రం లేచి నిలబడి, పక్కనున్న ముక్కూముఖం తెలియని మనిషి భుజం పట్టుకుని ఊపుతూ, "చూశారాండీ? చప్పుడు రాలేదు! చూశారా?" అంటున్నాడు. రాఘవయ్య.

తిరుగు ప్రయాణంలో జోజమ్మ తువ్వాలు ముఖం మీద కప్పుకుని కిటికీకి ఆనుకుంది. బెజవాడ దాటాక ముందు సీట్లోంచి రాఘవయ్య వెనక్కి తిరిగాడు.

"అమ్మాయ్, ఎవరి కోత నీది?"

"ఇన్నయ్య మేస్త్రి కూతుర్నండి. చాట్రాయి" అంది తువ్వాలు లోంచే.

"అదీ సంగతి! నా దగ్గర నలభయ్యేళ్ళ నుంచి చేస్తున్నవాళ్ళున్నారు, వాళ్ళకీ చప్పుడొస్తుంది. నీకు రాలేదు."

"వచ్చిందండీ, విజిల్ చప్పుడు" అంది కాత్యాయని.

తువ్వాలు కదిలింది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

"నువ్వెందుకే అప్పుడు కేక వేశావ్?" అని అడిగింది తువ్వాలు.

"వెయ్యకపోతే మేడమ్ రెండు రౌండ్లు పరిగెత్తిస్తారు కదే!"

ఇద్దరూ లేయా కేసి తిరిగారు. లేయా అప్పటిదాకా అదే ఆలోచిస్తోంది. మూడేళ్ళుగా రోజుకి వందసార్లు కాయ అనుకోమని చెప్పింది. పిల్ల కాయే అనుకుంది. కాయని ఏం చెయ్యాలో అది చేసింది.

"తప్పు నాది" అంది.

"తోట పోయినట్టేనా మేడమ్?"

"పోయింది."

ఓటమే గెలుపుకి మెట్టని, ఆడటమే ముఖ్యమని, ఇంకా అలాంటివేవో చెప్పడానికి అది అనువైన సమయం. లేయా చెప్పలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆగిరిపల్లి దగ్గరికొచ్చేసరికి సాయంకాలపు మంచు తోటల్లోకి దిగుతోంది. చెట్లు నీళ్ళలో నిలబడ్డట్టున్నాయి. బస్సు వాటి మధ్యనుంచి పడవలా పోతోంది. లేయా ఉన్నట్టుండి లేచి వెళ్ళి రాఘవయ్య పక్కన కూర్చుంది.

"షెడ్డులో కింద ఏం వేయిస్తారండీ?"

"సిమెంటు గచ్చమ్మా. కాయకి మట్టంటకూడదు."

"పొడుగెంత?"

"తొంభై అడుగులు. వెడల్పు యాభై."

లేయా కళ్ళు మూసుకుని తెరిచింది. "మధ్యలో స్తంభాలా?"

"వరసకి నాలుగు."

"వద్దండీ. స్తంభాలు పక్కలకే పెట్టించండి. లారీ నేరుగా లోపలికే వచ్చేస్తుంది."

రాఘవయ్య ఆలోచించాడు. "నిజమే."

"రేకులు ఎంత ఎత్తులో?"

"పదహారడుగులు."

"ఇరవై చెయ్యండి. గాలాడితే కాయ వేడెక్కదు."

"ఇరవై ఎందుకమ్మా, నేనేమైనా సినిమాహాలు కడుతున్నానా? పద్ధెనిమిది."

"సరే, పద్ధెనిమిది. జూన్‌లో కోతలైపోయాక షెడ్డు ఏం చేస్తుంది?"

"పడుకుంటుంది."

"పడుకుంటే గేదెలు దూరతాయి. ఎవరో ఒకరు వడ్లు ఆరబోస్తారు. పొద్దునా సాయంత్రం పదిమంది ఆడపిల్లలు అరుస్తూ పరిగెడుతుంటే ఏ గేదె వస్తుందండీ?"

రాఘవయ్య ఆమెను పైకీ కిందికీ చూశాడు. ఆ తర్వాత కడుపు కదిలేలా నవ్వాడు. "రెండు ఇనప రింగులు తగిలించుకుంటారు, అంతేనా?"

"అంతేనండీ."

"మార్చి ముప్పయ్యొకటికల్లా విప్పేయాలి."

"విప్పేస్తాం."

"ఆ పిల్లని సీజనులో నా దగ్గర పెట్టు."

తువ్వాలు తీసేసి జోజమ్మ వెనకనుంచి అంది: "కుదరదండీ. సీజనులో మా నాన్న చెట్టుకింద ఉండాలి. మాటిచ్చారు మేడమ్."

"మాటిచ్చా" అంది లేయా.

మామిడి వ్యాపారితో బేరమాడి రెండడుగుల ఎత్తు గెలిచింది. ఆ రోజు ఆమె గెలిచింది అదే.

ఇందులో దాతృత్వం వెతకడం అనవసరం. రాఘవయ్యకి ఖర్చులేని కాపలా దొరికింది. చలపతిరావు ఆ ఏటి వార్షికోత్సవంలో కాలేజీకి ఇండోర్ స్టేడియం సమకూరిందని ప్రకటించి, ఆ వేదిక మీదే శాలువా కప్పించుకున్నాడు. లేయా చప్పట్లు కొట్టింది. ఆ ముందురోజు సాయంత్రం హాస్టలు వరండాలో కూర్చుని, ఎవరినీ అడగకుండా, పది చొక్కాల అంచులూ జానెడు చొప్పున కత్తిరించి పారేసింది. పారేసింది కూడా కాదు. ఆ గుడ్డపీలికలు జిగురు బంతి తుడవడానికి చాలాకాలం పనికొచ్చాయి.

తర్వాతి డిసెంబరులో ఒక రౌండు దాటారు. రెండో రౌండులో చిత్తుగా ఓడిపోయారు. ఆ పై ఏడాది మూడో రౌండు. జోజమ్మ బి.ఏ. పూర్తిచేసి, తండ్రికి మోకాళ్ళ నొప్పులు మొదలైతే కోత తనే చేయించడానికి చాట్రాయి వెళ్ళిపోయింది. ఆడమేస్త్రి కింద పనిచేసేదేమిటని ఒకరిద్దరు గునిశారట. కింద నిలబడి వాళ్ళు పట్టలేని నాలుగు కాయలు పట్టి చూపించిందట. వీళ్ళలో ఎవరూ దేశానికి ఆడలేదు. లేయా పేరు ఏ కప్పు మీదా లేదు. ఫారంలో మూడు గళ్ళూ ఆమే నింపుతూ వచ్చింది.

కాని ఆ షెడ్డులో మొదటి పొద్దు గురించి చెప్పాలి. 1987 జూలై. రాత్రంతా వాన కురిసి వెలిసింది. రేకుల మీదనుంచి ఇంకా చుక్కలు రాలుతున్నాయి. లోపల గచ్చు చల్లగా, నల్లగా, చెరువులా మెరుస్తోంది. మూలల్లో ఎండుగడ్డి, అందులో ఎక్కడో మిగిలిపోయిన రసాలు రెండు ముగ్గి షెడ్డంతా వాసన. చీకటి వీడలేదు, వెలుగు రాలేదు. పిల్లలు చెప్పులు గచ్చు అంచున వదిలి, గుళ్ళోకి వచ్చినట్టు మెల్లగా వచ్చారు. లేయా బంతిని ఒకసారి నేలకి కొట్టింది. మట్టికోర్టు ఏడేళ్ళలో ఎన్నడూ ఇవ్వని శబ్దం. అది గోడల్లేని ఆ షెడ్డు నాలుగు వైపులకీ వెళ్ళి, తడిచెట్లకి తగిలి, ఆలస్యంగా తిరిగొచ్చింది. ఎవరో గట్టిగా ఊపిరి తీసుకున్నారు.

కొత్త నియమం ఒక్కటే పెట్టింది. ఇకమీదట ఆ కేక వద్దు. పేరు పెట్టి పిలవండి. ఎవరు అరిచినా పది రౌండ్లు.

పావుగంట అంతా పేర్లతోనే సాగింది. ఆ వేసవిలో డిగ్రీ పూర్తయినా ఆ పొద్దు ఆడటానికి వచ్చిన కాత్యాయని బంతిని పైకి విసిరింది. కొత్త బోర్డు గట్టిది. బంతి దానికి తగిలి, రేకుల దాకా లేచి, ఆ పద్ధెనిమిదో అడుగు దగ్గర ఒక్క క్షణం ఆగింది. కింద జోజమ్మ ఉంది.

"కాయ్!"

అరిచింది లేయా. అరిచాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గాని, అప్పటికే ఆలస్యమైంది.

జోజమ్మ చేతులు రెండూ నడుము దగ్గరికి పోయాయి. అక్కడ చాచడానికి గుడ్డ లేదు. వేళ్ళు చొక్కా అంచుని వెతికి, దొరక్క ఒక్క లిప్తపాటు ఖాళీగా ఆగాయి. ఆ తర్వాత రెండు చేతులూ పైకి లేచాయి. ఎప్పుడూ కింద ఉండి కాయ కోసం ఎదురుచూసిన చేతులు మొదటిసారి దానికి ఎదురెళ్ళాయి. బంతిని గాల్లోనే అందుకుని, దానితోపాటే మెల్లగా నేల మీదికి దిగింది. చప్పుడు రాలేదు.

వాన చుక్క ఒకటి రేకు మీదనుంచి గచ్చు మీద పడింది.

"మేడమ్" అంది జోజమ్మ బంతిని గుండెకి ఆనించుకుని, "పది రౌండ్లు."

లేయా చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని పరుగు మొదలుపెట్టింది.